ప్రశ్నలోని చివరి వాక్యం

సర్వర్లను ఇంటర్నెట్ ద్వారా అద్దెకిచ్చే అమెజాన్ క్లౌడ్ సేవ పేరు ఏడబ్ల్యూఎస్. దాని మీద వ్యవస్థలను రూపొందించే నేర్పును పరీక్షించే ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్షను నేను రెండుసార్లు రాశాను. మొదటిసారి వచ్చిన స్కోరు 692, ఉత్తీర్ణతకు కావలసినది 720. ఆ 28 పాయింట్లు ఎక్కడ జారిపోయాయో తెలుసుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఇదే పరీక్షకు సిద్ధమవుతున్నవాళ్లకు, ముఖ్యంగా ఒకసారి తప్పి మళ్లీ పుస్తకం తెరవాలంటే మనసొప్పనివాళ్లకు, ఆ నాలుగు నెలల సంగతి పనికొస్తుందన్న నమ్మకంతో ఇది రాస్తున్నాను.

నా ఉద్యోగం డేటాబేస్ అడ్మినిస్ట్రేషన్. తొమ్మిదేళ్లపాటు సంస్థ సొంత సర్వర్ గదిలోని యంత్రాలమీద నడిచే డేటాబేసులను చూసుకున్నాను. డిస్కు నిండబోతోందంటే వారాల ముందే అర్జీ పెట్టుకోవాలి, కొత్త సర్వర్ కావాలంటే అది వచ్చి, ర్యాకులో కూర్చుని, కేబుళ్లు తగిలించేదాకా ఎదురు చూడాలి. సంస్థ తన వ్యవస్థలను క్లౌడ్‌కు తరలించాలని నిర్ణయించిన తర్వాత అదే పని కొన్ని నిమిషాల్లో అయిపోవడం చూసినప్పుడు నాకు సంతోషంతోపాటు బెరుకు కూడా కలిగింది. కన్సోల్‌లో బటన్ నొక్కి డేటాబేసును ఎవరైనా సృష్టించగలరు. కానీ అది ఏ నెట్‌వర్క్‌లో ఉందో, దాన్ని ఎవరెవరు చేరగలరో, అది ఉన్న డేటా సెంటర్‌కు కరెంటు పోతే ఏమవుతుందో అడిగితే గట్టిగా జవాబు చెప్పగలిగినవాళ్లు మా బృందంలో ఇద్దరే ఉన్నారు. వాళ్ల పక్కన మూడో మనిషిగా నేను నిలవాలనుకున్నాను.

పరీక్ష స్వరూపాన్ని క్లుప్తంగా చెబుతాను. ఏడబ్ల్యూఎస్ సర్టిఫికేషన్లు 2013లో మొదలయ్యాయి. నేను రాసింది 2022 ఆగస్టు నుంచి అమలులోకి వచ్చిన ఎస్‌ఏఏ-సీ03 అనే రూపం. 130 నిమిషాల్లో 65 ప్రశ్నలకు జవాబివ్వాలి. వాటిలో 15 ప్రశ్నలు కేవలం పరిశీలన కోసం పెట్టినవి, వాటికి మార్కులు లేవు, కానీ అవి ఏవో మనకు తెలియదు. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. స్కోరును 100 నుంచి 1000 వరకు ఉండే కొలమానం మీద లెక్కగడతారు, అందువల్ల 720 అంటే 72 శాతం అని అర్థం చేసుకోకూడదు. భద్రతకు 30 శాతం, వైఫల్యాలను తట్టుకుని నిలవడానికి 26 శాతం, పనితీరుకు 24 శాతం, ఖర్చు అదుపుకు 20 శాతం చొప్పున విభాగాలకు ప్రాధాన్యం ఉంటుంది. ఒక్కో విభాగంలో విడివిడిగా గట్టెక్కాల్సిన అవసరం లేదు, మొత్తం మీద 720 వస్తే చాలు.

మొదటిసారి నేను చదివిన తీరు చాలామంది చదివే తీరే. వీడియో పాఠాలను ఒకటిన్నర రెట్ల వేగంతో చూశాను, రెండు నోటుపుస్తకాలు నింపాను, ఆ తర్వాత ప్రాక్టీస్ టెస్టుల మీద పడ్డాను. మొదట్లో 55 శాతం వచ్చిన మార్కులు ఐదారు వారాలకు 85 దాటాయి. ఆ పెరుగుదలను చూసి విషయం నాకు పట్టుబడిందనుకున్నాను. నిజానికి పట్టుబడింది ప్రశ్నల పోకడ మాత్రమే. భాగాలను ఒకదానిమీద ఒకటి ఆధారపడకుండా విడదీయాలని ఉంటే మెసేజ్‌లను క్యూలో నిలిపే ఎస్‌క్యూఎస్, కీ-వాల్యూ డేటా అని ఉంటే డైనమోడీబీ అనే డేటాబేసు, సర్వర్లు నిర్వహించే ఓపిక లేదంటే కోడ్ ఇస్తే చాలు నడిపించే లాంబ్డా. ఇలా మాటకొక జవాబును ముడివేసుకుని వెళ్లాను. అసలు పరీక్షలో నాలుగు జవాబులుంటే మూడింటిలో ఎస్‌క్యూఎస్ ఉండే తరహా ప్రశ్నలు ఎదురయ్యాయి. ఆ మూడింటికీ తేడా ఎక్కడుందో నా ముడుల్లో ఏదీ చెప్పలేకపోయింది. పరీక్ష ప్రశ్నలను బయటపెట్టకూడదన్న ఒప్పందానికి ప్రతి అభ్యర్థీ కట్టుబడి ఉండాలి కనుక ఇక్కడ నేను చెప్పే ఉదాహరణలన్నీ నేను కట్టుకున్నవే.

తప్పినవాళ్లు మళ్లీ రాయడానికి కనీసం 14 రోజులు ఆగాలన్నది నియమం. పదిహేనో రోజునే రాసేయాలని మొదట అనిపించింది. స్కోరు రిపోర్టు మరోసారి నిదానంగా చదివాక ఆ ఆలోచన మానుకున్నాను. భద్రత, ఖర్చు విభాగాల్లో నేను మెరుగుపడాలని అందులో ఉంది. రెండింటి పాఠాలూ నా నోటుపుస్తకంలో శుభ్రంగా ఉన్నాయి. అక్కడ ఉన్నది చేతికి రాలేదన్నమాట. అప్పుడు ఒక నిర్ణయం తీసుకున్నాను: ఇకమీదట నేను స్వయంగా కట్టి, చెడగొట్టి, మళ్లీ బాగుచేయని ఏ సర్వీసు గురించీ నాకు తెలుసని అనుకోకూడదు.

నెట్‌వర్క్‌తో మొదలుపెట్టాను. 10.0.0.0 స్లాష్ 16 పరిధితో ఒక వీపీసీ, అంటే క్లౌడ్‌లో మన సొంత నెట్‌వర్క్. అందులో స్లాష్ 24 పరిధిగల నాలుగు సబ్‌నెట్లు, అంటే దాని విభాగాలు: ఇంటర్నెట్‌కు నేరుగా దారి ఉన్న రెండు పబ్లిక్, ఆ దారి లేని రెండు ప్రైవేటు. స్లాష్ తర్వాతి అంకె పెరిగేకొద్దీ చిరునామాలు తగ్గుతాయి. స్లాష్ 24 అంటే 256 చిరునామాలు కదా, కన్సోల్‌లో 251 మాత్రమే కనిపిస్తాయి. మొదటిది నెట్‌వర్క్ చిరునామా, రెండోది వీపీసీ రౌటర్‌కు, మూడోది పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్‌కు, నాలుగోది భవిష్యత్ అవసరాలకు, చివరిది బ్రాడ్‌కాస్ట్ చిరునామా కనుక, ప్రతి సబ్‌నెట్‌లోనూ ఐదింటిని ఏడబ్ల్యూఎస్ తన దగ్గరే ఉంచుకుంటుంది. ఇది నేను ముందే బట్టీపట్టిన సంగతే. అయితే స్లాష్ 28 సబ్‌నెట్ ఒకటి సృష్టించి, 16 చిరునామాల్లో 11 మాత్రమే మిగలడం చూసి, ఇంత చిన్న సబ్‌నెట్‌లో, రద్దీని బట్టి సర్వర్లను పెంచే ఆటోస్కేలింగ్ గ్రూప్ పెడితే అది ఎంత తొందరగా చిరునామాలు దొరక్క ఆగిపోతుందో ఊహించుకున్నప్పుడు అది అంకె స్థాయి నుంచి అర్థం స్థాయికి వచ్చింది.

పబ్లిక్ సబ్‌నెట్‌లో ఒక వెబ్ సర్వర్ పెట్టాను. సర్వర్‌కు కాపలా కాసే సెక్యూరిటీ గ్రూప్‌లో వెబ్ రాకపోకలకు వాడే 80, 443 పోర్టులు తెరిచాను. బ్రౌజర్‌లో పేజీ వచ్చింది. ఆ తర్వాత భద్రత పాఠం కోసమని ఆ సబ్‌నెట్‌కు కొత్తగా ఒక నెట్‌వర్క్ ఏసీఎల్, అంటే సబ్‌నెట్ సరిహద్దులో రాకపోకలను వడపోసే నియమాల పట్టిక తగిలించి, లోపలికి వచ్చే ఇన్‌బౌండ్‌లో 80, 443, బయటికి వెళ్లే అవుట్‌బౌండ్‌లోనూ అవే 80, 443 అనుమతించాను. పేజీ ఆగిపోయింది. బ్రౌజర్ చాలాసేపు తిరిగి తిరిగి చివరికి టైమవుట్ అంది. డేటా ఏ దారిన పోవాలో చెప్పే రూట్ టేబుల్ చూశాను, బయటికి దారి అయిన ఇంటర్నెట్ గేట్‌వే ఉంది. సెక్యూరిటీ గ్రూప్ చూశాను, మారలేదు. సర్వర్‌లోకి మరో దారిలో వెళ్లి చూస్తే వెబ్ సర్వర్ చక్కగా నడుస్తోంది. ఏసీఎల్ నియమాలను వేలితో ఒక్కొక్కటిగా తాకుతూ చదివాను, రెండు వైపులా రెండు పోర్టులూ తెరిచే ఉన్నాయి. ఆ సాయంత్రం మూడు గంటలు అలాగే గడిచింది.

చివరికి నెట్‌వర్క్ రాకపోకలను నమోదుచేసే వీపీసీ ఫ్లో లాగ్స్ ఆన్ చేసి, మళ్లీ పేజీ తెరవడానికి ప్రయత్నించి, కాసేపు ఆగి లాగ్ చదివాను. ఒకదాని కింద ఒకటి రెండు వరుసలు కనిపించాయి. మొదటి వరుసలో నా కంప్యూటర్ చిరునామా నుంచి, 51 వేల చిల్లర అంకె ఉన్న పోర్టు నుంచి, సర్వర్ 80వ పోర్టుకు వచ్చిన అభ్యర్థన: యాక్సెప్ట్. రెండో వరుసలో సర్వర్ 80వ పోర్టు నుంచి నా కంప్యూటర్ మీది అదే 51 వేల పోర్టుకు వెళ్లబోయిన జవాబు: రిజెక్ట్. ఆ రెండో వరుస దగ్గర నా చూపు నిలిచిపోయింది. జవాబు 80వ పోర్టుకు వెళ్లదు, అడిగినవాడు తాత్కాలికంగా తెరుచుకున్న ఎఫెమెరల్ పోర్టుకు వెళుతుంది. సెక్యూరిటీ గ్రూప్ స్టేట్‌ఫుల్ కాబట్టి లోపలికి వచ్చిన అభ్యర్థనను గుర్తుంచుకుని, దాని జవాబును ప్రత్యేక నియమం లేకుండానే బయటికి పంపిస్తుంది. నెట్‌వర్క్ ఏసీఎల్ స్టేట్‌లెస్, దేనినీ గుర్తుంచుకోదు, వెళ్లేదాన్నీ వచ్చేదాన్నీ కొత్తగా చూసి తన నియమాలతో పోల్చుకుంటుంది. అవుట్‌బౌండ్‌లో 1024 నుంచి 65535 వరకు అనుమతించగానే పేజీ వచ్చింది. స్టేట్‌ఫుల్, స్టేట్‌లెస్ అన్న రెండు మాటలను నా నోటుపుస్తకంలో అంతకుముందే రెండు రంగుల్లో రాసుకున్నాను. వాటి తేడా తెలిసింది మాత్రం ఆ రెండు వరుసల దగ్గరే.

అదే నెట్‌వర్క్ నాకు ఖర్చు పాఠం కూడా చెప్పింది. ప్రైవేటు సబ్‌నెట్‌లోని సర్వర్లు బయటి ప్రపంచాన్ని చేరడానికి నాట్ గేట్‌వే పెట్టాను. దానికి రెండు రకాల రుసుములు పడతాయి: అది ఉన్నన్ని గంటలకూ ఒకటి, దాని గుండా పోయిన ప్రతి జీబీకీ మరొకటి. బ్యాకప్ ఫైళ్లను ఏడబ్ల్యూఎస్ నిల్వ సర్వీసైన ఎస్3కి పంపే చిన్న స్క్రిప్టు ఒకటి అక్కడ నడుస్తోంది, ఆ డేటా అంతా నాట్ గేట్‌వే గుండానే పోతోంది. ఎస్3కి వీపీసీ నుంచి నేరుగా దారి వేసే గేట్‌వే ఎండ్‌పాయింట్ సృష్టించి రూట్ టేబుల్‌లో చేర్చగానే ఆ ప్రవాహం దారి మార్చుకుంది. గేట్‌వే ఎండ్‌పాయింట్‌కు అదనపు రుసుము లేదు, పైగా ఆ డేటా ఇంటర్నెట్ దారి తొక్కకుండానే ఎస్3ని చేరుతుంది. భద్రత విభాగంలో అడిగినా, ఖర్చు విభాగంలో అడిగినా ఇది సరైన జవాబు కావడానికి కారణం అదే. ఇటువంటి గేట్‌వే ఎండ్‌పాయింట్ ఎస్3కి, డైనమోడీబీకి మాత్రమే ఉంది, మిగిలిన సర్వీసులకు ఇంటర్‌ఫేస్ ఎండ్‌పాయింట్ వాడాలి, దానికి డబ్బు కట్టాలి. ఈ సందర్భంగా ఒక హెచ్చరిక: అభ్యాసం కోసం ఖాతా తెరిచిన తొలి నిమిషంలోనే సర్వాధికారాలున్న రూట్ యూజర్‌కు ఎంఎఫ్‌ఏ, అంటే పాస్‌వర్డ్‌తోపాటు రెండో ధ్రువీకరణ పెట్టండి, రెండో నిమిషంలో బడ్జెట్ అలర్ట్ పెట్టండి. ఆ అలర్ట్ కబురు మాత్రమే చెబుతుంది, దానంతట అది దేనినీ ఆపదు. కబురు కూడా కొన్ని గంటలు ఆలస్యంగా వస్తుంది. కనుక రోజు పని ముగిశాక నాట్ గేట్‌వేను, వాడని ఎలాస్టిక్ ఐపీలనే స్థిర చిరునామాలను స్వయంగా తొలగించే అలవాటు చేసుకోవాలి.

ఈ మొత్తం చదువులో అన్నిటికంటే విలువైనది ఏదని అడిగితే ఎవరు ఏం చేయవచ్చో నిర్ణయించే ఐఏఎం అని తడుముకోకుండా చెబుతాను. డేటాబేసులో యూజర్లు, గ్రాంట్లు నాకు కొత్త కాదు, అందువల్ల ఐఏఎంను తేలిగ్గా దాటేశాను, మొదటిసారి నష్టపోయింది బహుశా అక్కడే. ఐఏఎంలో అన్నీ నిరాకరణతో మొదలవుతాయి. ఎక్కడైనా స్పష్టమైన అనుమతి ఉంటే పని జరుగుతుంది. కానీ మరెక్కడైనా స్పష్టమైన నిరాకరణ ఒక్కటి ఉన్నా అనుమతులు ఎన్ని ఉన్నా చెల్లవు. ఈ మూడో వాక్యాన్ని నేను ఎస్3లో ఫైళ్లు దాచే ఒక బకెట్ పోగొట్టుకోబోయి నేర్చుకున్నాను. ఒక నిర్దిష్టమైన వీపీసీ ఎండ్‌పాయింట్ నుంచి కాక మరెక్కడి నుంచి వచ్చినా సమస్తం నిరాకరించు అని బకెట్ పాలసీ రాసి సేవ్ చేశాను. నేను కన్సోల్‌లో ఉన్నాను, కన్సోల్ ఆ ఎండ్‌పాయింట్ గుండా రాదు. మరుక్షణం అడ్మినిస్ట్రేటర్ హక్కులున్న నా యూజర్‌కే ఆ బకెట్ మూసుకుపోయింది, పాలసీని సరిదిద్దడానికి కూడా వీల్లేకపోయింది. ఆ ఖాతా రూట్ యూజర్‌గా లాగిన్ అయ్యి పాలసీ తొలగించాకే తలుపు తెరుచుకుంది. రూట్‌ను రోజువారీ పనులకు వాడకూడదని ఎందుకంటారో, దాన్ని ఎందుకు అంత భద్రంగా దాచుకోవాలో ఈ ఒక్క అనుభవంతో రెండూ తెలిశాయి.

రోల్స్ విషయంలోనూ నా పాత అలవాటే అడ్డు వచ్చింది. డేటాబేసుకు కనెక్ట్ కావాలంటే యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఒక కాన్ఫిగరేషన్ ఫైల్లో ఉండాలన్నది నా రక్తంలో ఇంకిపోయిన పద్ధతి. అదే అలవాటుతో పాస్‌వర్డ్‌లాంటి యాక్సెస్ కీలను సర్వర్‌లో దాచాను. ఈసీ2 అనే అద్దె సర్వర్‌కు అనుమతుల మూట అయిన రోల్ తగిలిస్తే ఆ సర్వర్‌కు కొద్ది గంటలు మాత్రమే చెల్లే తాత్కాలిక తాళాలు అందుతాయి, గడువు తీరకముందే అవి వాటంతట అవే మారతాయి, ఫైల్లో దాచడానికి ఏమీ ఉండదు, కనుక దొంగిలించడానికీ ఏమీ మిగలదు. పరీక్షలో జవాబుల మధ్య యాక్సెస్ కీలను సర్వర్‌లో పెట్టే మార్గం కనిపిస్తే దాన్ని కొట్టేయవచ్చని అందరూ చెబుతారు. నేను నా కీలను సర్వర్‌లోంచి తుడిచేసి, స్క్రిప్టు రోల్‌తో అదే పని చేయడం చూశాకే ఆ కొట్టివేతకు అర్థం తెలిసింది.

డేటాబేసులు నా సొంత ఇలాకా అనుకున్నాను, అక్కడా ఒక దిద్దుబాటు జరిగింది. ఏడబ్ల్యూఎస్ డేటాబేసు సర్వీసైన ఆర్‌డీఎస్‌లో మల్టీ-ఏజెడ్, రీడ్ రెప్లికా అనే రెండు ఏర్పాట్లున్నాయి. మొదటిది వైఫల్యం నుంచి కాపాడడానికి, అందులో డేటా రెండో అవైలబిలిటీ జోన్‌లోని, అంటే విడిగా ఉన్న డేటా సెంటర్లలోని స్టాండ్‌బై అనే నకలుకు ఏకకాలంలో రాయబడుతుంది. రెండోది చదివే భారం పంచుకోవడానికి, అందులో డేటా కాస్త వెనకగా చేరుతుంది. ఒకే స్టాండ్‌బై ఉన్న మల్టీ-ఏజెడ్‌లో ఆ స్టాండ్‌బై నుంచి చదవడం కుదరదు, రెండు స్టాండ్‌బైలుండే మల్టీ-ఏజెడ్ క్లస్టర్‌లో కుదురుతుంది. ఇంతవరకు పుస్తకంలో ఉన్నదే. నేను ప్రతి సెకనుకూ డేటాబేసును సమయం అడిగి తెరమీద చూపే చిన్న స్క్రిప్టు రాసి, అది నడుస్తుండగా ఫెయిలోవర్‌తో, అంటే పనిని స్టాండ్‌బైకి మార్చుతూ రీబూట్ అన్న ఆదేశం ఇచ్చాను. తెరమీద సెకన్లు ఆగిపోయాయి. నిమిషం దాటి మరికొంతసేపటికి మళ్లీ కదిలాయి. ఆ తర్వాత అదే స్క్రిప్టులో డేటాబేసు పేరు బదులు దాని ఐపీ చిరునామా రాసి మళ్లీ ఫెయిలోవర్ చేశాను. ఈసారి సెకన్లు మళ్లీ కదల్లేదు. ఫెయిలోవర్ జరిగినప్పుడు మారేది డీఎన్‌ఎస్ పేరు చూపించే చిరునామా. పేరు వదిలి ఐపీని పట్టుకున్న అప్లికేషన్, కొత్త ప్రైమరీ పక్కనే సిద్ధంగా ఉన్నా దాన్ని కనుక్కోలేదు. మా పాత వ్యవస్థల్లో ఐపీలు రాసుకున్న కాన్ఫిగరేషన్ ఫైళ్లు ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు కనుక ఆ రాత్రి ఆ జాబితా తయారుచేసి మర్నాడు బృందానికి ఇచ్చాను. పరీక్ష కోసం చేసిన పని ఉద్యోగానికి పనికొచ్చిన మొదటి సందర్భం అదే.

ఎస్‌క్యూఎస్‌ను కూడా ఇలాగే పట్టుకున్నాను. క్యూలోంచి మెసేజ్ తీసుకున్న ప్రోగ్రాం దానిమీద పనిచేస్తున్నంతసేపు అది ఇతరులకు కనపడకుండా ఉండే గడువును విజిబిలిటీ టైమవుట్ అంటారు, మనం మార్చకపోతే అది 30 సెకన్లు. నా ప్రోగ్రాంలో 45 సెకన్ల నిద్ర పెట్టి రెండు కాపీలు నడిపాను. ముప్పయ్యో సెకను దాటగానే అదే మెసేజ్ రెండో కాపీ చేతికి వెళ్లింది, ఒకే ఆర్డరుకు రెండు బిల్లులు తయారయ్యాయి. మొదటి పరీక్షలో నన్ను తికమక పెట్టిన ఎస్‌క్యూఎస్ జవాబుల మధ్య తేడాలు ఇలాంటివే: గడువు పెంచాలా, వచ్చిన వరుసలోనే అందించే ఎఫ్‌ఐఎఫ్‌ఓ క్యూ వాడాలా, పదేపదే విఫలమయ్యే మెసేజ్‌ను డెడ్ లెటర్ క్యూకు తోసేయాలా.

మిగతా భాగాలు ఇంత లోతుగా తవ్వాల్సిన అవసరం రాలేదు. ఎస్3 స్టోరేజ్ తరగతులకు ఒక పట్టిక చాలు. అయితే డ్యూరబిలిటీకి, అవైలబిలిటీకి ఉన్న తేడాను మాత్రం దాటవేయకండి: ఎస్3 డ్యూరబిలిటీ 99.999999999 శాతం అంటే పెట్టిన వస్తువు పోకుండా ఉండడం గురించి, అడిగిన క్షణాన అది చేతికి రావడం గురించి కాదు. ఎస్3లో అరుదుగా తెరిచే ఫైళ్లకు వాడే గ్లేసియర్ డీప్ ఆర్కైవ్‌లోని ఫైలు భద్రంగానే ఉంటుంది, కానీ మామూలు పద్ధతిలో చేతికి రావడానికి 12 గంటల వరకు పట్టవచ్చు. లాంబ్డా ఒక్కసారి పిలిస్తే 15 నిమిషాలకు మించి నడవదు, మిగులు సర్వర్‌ను చౌకగా ఇచ్చే స్పాట్ ఇన్‌స్టెన్స్‌ను వెనక్కి తీసుకునేముందు రెండు నిమిషాల నోటీసే ఇస్తారు. ఇలాంటి హద్దులు ఒక పదిహేను గుర్తుంటే చాలా ప్రశ్నల్లో సగం జవాబులు వాటంతట అవే రాలిపోతాయి.

పాత పాఠాల విషయంలో జాగ్రత్తగా ఉండాలి. నా మొదటి నోటుపుస్తకంలో, ఎస్3లో ఫైలును తిరగరాసిన వెంటనే చదివితే పాతదే రావచ్చని ఉంది. 2020 డిసెంబరు నుంచి అది నిజం కాదు, రాసిన వెంటనే కొత్తదే వస్తుంది. ఎన్‌క్రిప్షన్‌ను మనమే ఆన్ చేయాలని ఉంది. 2023 జనవరి నుంచి కొత్తగా పెట్టే ప్రతి ఆబ్జెక్టూ దానంతట అదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. మంచి డిజైన్‌కు ఏడబ్ల్యూఎస్ ఇచ్చే మార్గదర్శకమైన వెల్-ఆర్కిటెక్టెడ్ ఫ్రేమ్‌వర్క్‌కు ఐదు స్తంభాలని ఉంది. 2021 చివర్లో సస్టైనబిలిటీ చేరడంతో అవి ఆరయ్యాయి. క్లౌడ్ సర్వీసు మారినంత వేగంగా వీడియో మారదు. కనుక ఏ పాఠం చూసినా ముందు దాని తేదీ చూసి, సందేహం వచ్చిన ప్రతిచోటా అధికారిక డాక్యుమెంటేషన్ తెరవడమే మార్గం.

ఇక ఈ వ్యాసానికి పేరుగా పెట్టిన సంగతికి వస్తాను. ఈ పరీక్షలోని ప్రశ్నలు సాధారణంగా నాలుగైదు వాక్యాల కథలు. ఒక సంస్థ ఉంది, దానికొక అప్లికేషన్ ఉంది, దానికొక ఇబ్బంది ఉంది. చివరి వాక్యంలో కొలబద్ద ఉంటుంది: అతి తక్కువ ఖర్చుతో, అతి తక్కువ నిర్వహణ భారంతో, అతి తక్కువ మార్పులతో, అత్యధిక అవైలబిలిటీతో. నేను కట్టుకున్న ఒక ఉదాహరణ చూడండి. రోజుకొకసారి రాత్రిపూట రెండు గంటలు నడిచే లెక్కల ప్రోగ్రాం ఉంది, మధ్యలో ఆగినా ఆగినచోటు నుంచి మళ్లీ మొదలుపెట్టగలదు. చివరి వాక్యం ఖర్చు గురించైతే జవాబు స్పాట్ ఇన్‌స్టెన్సులు. అదే కథకు చివరి వాక్యం నిర్వహణ భారం గురించైతే సర్వర్లను మనం చూసుకోనక్కరలేని ఫార్‌గేట్ వైపు మొగ్గాలి. లాంబ్డా రెండు సందర్భాల్లోనూ తప్పు, ఎందుకంటే పని రెండు గంటలది. మొదటిసారి నేను కథలో లీనమై, తెలిసిన మాట కనపడగానే జవాబు పెట్టేశాను. ఆ జవాబు సాంకేతికంగా పనిచేసేదే, అడిగిన కొలబద్దకు నిలిచేది మాత్రం కాదు. రెండోసారికి చివరి వాక్యం ముందు చదివి, ఆ తర్వాత మొదటి నుంచి చదివే పద్ధతి అలవాటు చేసుకున్నాను. ప్రాక్టీస్ టెస్టుల్లో మార్కులు లెక్కపెట్టడం మానేసి, ప్రతి ప్రశ్నకూ మిగతా మూడు జవాబులు ఎందుకు కావో ఒక్కో వాక్యంలో రాశాను. రోజుకు ఇరవై ప్రశ్నలకు మించి సాగేది కాదు, ఆ ఇరవై మాత్రం ఒంటబట్టేవి.

ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు ఇంగ్లిష్‌లో ఈ పరీక్ష రాస్తే అదనంగా 30 నిమిషాలు అడగవచ్చు. పరీక్ష తేదీ బుక్ చేయకముందే సర్టిఫికేషన్ ఖాతాలో దానికి అభ్యర్థన పెట్టుకోవాలి. మొదటిసారి నాకీ సంగతి తెలియదు. చివరి పదకొండు ప్రశ్నలను పరుగున చదివాను. దీన్ని అడగడం చిన్నతనమని భావించేవాళ్లను చూశాను. నాలుగేసి వాక్యాల ప్రశ్న, రెండేసి వాక్యాల నాలుగు జవాబులు, ఇవి 65 సార్లు చదవాలంటే పరాయిభాషలో ఎంత సమయం పోతుందో లెక్క వేసుకున్నవాళ్లెవరూ ఆ వెసులుబాటును వదులుకోరు.

బయట దొరికే దొంగ ప్రశ్నపత్రాల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. మొదటిసారి తప్పాక నాకు వాటిని పంపినవాళ్లున్నారు. నియమాల ఉల్లంఘన అన్నది ఒక సంగతి. దానికంటే నన్ను ఆపింది మరొకటి: ఆ సర్టిఫికెట్ చూసి రేపు ఎవరో ఒకరు నన్ను నమ్మి తమ ఖాతాదారుల డేటా ఉన్న నెట్‌వర్క్‌ను గీయమంటారు. బట్టీ కొట్టిన జవాబుతో ఆ గీత గీయడానికి నాకు మనసు రాదు.

రెండోసారి పరీక్ష కేంద్రానికి వెళ్లి రాశాను. ఇంటి నుంచి కూడా రాయవచ్చు, అయితే గది అంతా కెమెరాకు చూపించాలి, మధ్యలో ఎవరూ లోపలికి రాకూడదు, ప్రశ్నను పైకి చదువుకోవడం కూడా కుదరదు. పెదవులు కదపకుండా చదవలేని నాకు కేంద్రమే మేలనిపించింది. 160 నిమిషాల్లో మొదటి చుట్టుకు 118 పట్టాయి. పద్నాలుగు ప్రశ్నలకు జవాబు పెట్టి జెండా గుర్తు వేసుకుని ముందుకు సాగాను. రెండో చుట్టులో వాటిలో మూడింటి జవాబులు మార్చాను, మూడు చోట్లా నేను దాటేసింది చివరి వాక్యాన్నే. మర్నాడు మధ్యాహ్నం ఫలితం వచ్చింది: 814. కాసేపు ఆ అంకెను చూస్తూ కూర్చుని, తర్వాత అభ్యాసం కోసం కట్టిన వీపీసీని కూల్చడానికి ఖాతా తెరిచాను.

సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది, ఆలోగా దాన్ని పునరుద్ధరించుకోవాలి. ఉద్యోగంలో నా హోదా వెంటనే మారలేదు, జీతమూ మారలేదు. మారినదేమిటంటే డిజైన్ సమీక్షల్లో నేను అడిగే ప్రశ్నలు. డేటాబేసు పోతే ఎంతసేపట్లో తిరిగి నిలబడాలి, ఎన్ని నిమిషాల డేటా పోయినా తట్టుకోగలం అని ముందే అడుగుతున్నాను. ఆర్‌టీఓ, ఆర్‌పీఓ అనే ఈ రెండు అంకెలు చెప్పకుండా రెండో రీజియన్‌లో, అంటే మరో ప్రాంతపు డేటా సెంటర్లలో పూర్తి వ్యవస్థను నడపాలని ప్రతిపాదించినవాళ్లు, ప్రశ్న విన్నాక నాలుగు గంటలు ఆగినా ఫరవాలేదని చెప్పిన సందర్భాలున్నాయి. అప్పుడు బ్యాకప్ నుంచి పునరుద్ధరించుకునే ఏర్పాటుతోనే సరిపోయింది.

అన్నట్టు, ఆ వీపీసీని నేను కూల్చలేదు. నాట్ గేట్‌వేను, సర్వర్లను తొలగించి సబ్‌నెట్లను, ఏసీఎల్‌ను అలాగే ఉంచాను, ఎందుకంటే వాటికి రుసుము లేదు. గత నెలలో మా బృందంలో కొత్తగా చేరిన అబ్బాయి ఇదే పరీక్షకు చదువుతూ నా నోటుపుస్తకాలు అడిగాడు. ఇస్తానని చెప్పి, ముందుగా ఆ సబ్‌నెట్‌లో ఒక చిన్న వెబ్ సర్వర్ పెట్టి, ఏసీఎల్ అవుట్‌బౌండ్‌లో నేను చివర చేర్చిన నియమాన్ని తీసేసి, ఖాతాలోకి ప్రవేశం ఇచ్చి, పేజీ ఎందుకు రావడం లేదో కనుక్కోమన్నాను. రెండు రోజులు అతని నుంచి ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "అండీ, లోపలికి వచ్చింది కానీ బయటికి వెళ్లలేదండీ, లాగ్‌లో రెండో లైను చూడండి" అన్నాడు.